ఇంట్లో స్టీరియో – 3వ పాఠం: యాంప్లిఫయర్ వాట్ల లెక్క

పోయిన పాఠంలో స్పీకర్లు ఖాయం చేసుకున్నాం. వాటి వెనక ఉన్న రెండు అంకెలు, సెన్సిటివిటీ ఎన్ని డెసిబెల్స్, ఇంపిడెన్స్ (కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు) ఎన్ని ఓమ్స్ అన్నది, నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. అవి చేతిలో పెట్టుకునే యాంప్లిఫయర్‌కు బయల్దేరండి. కడపలో ఏ షాపు మెట్లెక్కినా ముందడిగేది "ఎన్ని వాట్లు కావాలన్నా?" అనే. దానికి జవాబు ఇంట్లోనే తేల్చుకొని పోవాలి.

సెన్సిటివిటీ 87 అంటే, ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ వస్తాయని. మీరు 3 మీటర్ల దూరంలో కూర్చుంటారనుకుందాం. దూరానికి తొమ్మిదిన్నర పోతుంది, రెండో స్పీకర్ వల్ల మూడు కలుస్తుంది. అంటే ఒక్కో స్పీకర్‌కు ఒక వాట్ ఇస్తేనే మీ చెవికి 80 అందుతుంది. గోడలున్న గదిలో ఇంకొంచెం ఎక్కువే. ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే 60 దగ్గర ఉంటుంది, కాబట్టి 80 తక్కువేం కాదు.

మరి ముప్ఫై నలభై వాట్లు ఎందుకు? పాట సగటున 75లో సాగుతున్నా, మృదంగం మీద గట్టి దెబ్బ పడిన క్షణంలో శబ్దం 20 డెసిబెల్స్ పైకి లేవొచ్చు. 75కు వాట్‌లో మూడో వంతు సరిపోతుంది. ప్రతి 10 డెసిబెల్స్‌కు వాట్లు పది రెట్లవుతాయి, కాబట్టి 95కు దానికి వంద రెట్లు, అంటే సుమారు 32 వాట్లు కావాలి. అంత శక్తి లేని యాంప్లిఫయర్‌లో ఆ దెబ్బ పగిలినట్టు వినిపిస్తుంది. 40 బదులు 80 వాట్లది కొంటే అదనంగా వచ్చేది 3 డెసిబెల్స్ మాత్రమే. ఆ డబ్బు స్పీకర్ల మీద పెట్టడం మేలని నా గట్టి నమ్మకం.

అట్టపెట్టె మీద అంకెను నమ్మొద్దు. పీఎంపీఓ (క్షణకాలపు శిఖరాన్ని పెంచి చెప్పే అంకె) అని ఉంటే అసలు లెక్కలోకే తీసుకోవద్దు. ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు) అని ఉన్నా ఎన్ని ఓమ్స్ దగ్గర, ఎంత డిస్టార్షన్‌తో, అంటే శబ్దం ఎంత చెడి, అని అడగండి. చిన్న క్లాస్ డి (కరెంటు వృథా తక్కువ చేసే రకం) యాంప్లిఫయర్లకు చాలాసార్లు 4 ఓమ్స్, 10 శాతం డిస్టార్షన్ దగ్గరి అంకె వేస్తారు. మీ స్పీకర్లు 8 ఓమ్స్ అయితే అందులో సగం కాస్త అటూ ఇటూగా వస్తుంది.

షాపులోనే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. పెట్టెను వెనక్కి తిప్పి కరెంటు వివరాలు చూడండి. అడాప్టర్ మీద 19 వోల్టులు, 4.74 ఆంపియర్లు అని ఉంటే గుణించండి: 90 వాట్లు. లోపలికి పోయేదే 90 అయితే బయటికి "100+100" ఆగకుండా ఎట్లా వస్తుంది? క్లాస్ డి అయితే ఒక్కో చానెల్‌కు 40 దాకా ఆశించొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైన క్లాస్ ఏబీ (కొంత కరెంటును వేడిగా పోగొట్టే పాత రకం) అయితే, లోపలికి పోయే దాంట్లో సగం చేతికొస్తుందనుకోండి.

ఓమ్స్ సంగతి చిన్నదే. స్పీకర్లు 4 ఓమ్స్ అయితే, యాంప్లిఫయర్ వెనక స్పీకర్ టెర్మినల్స్ దగ్గర కూడా 4 రాసి ఉండాలి. 8 మాత్రమే ఉంటే తీసుకోవద్దు.

ఇక మన ఎండలు. క్లాస్ ఏబీ ఎక్కువ వేడెక్కుతుంది. గోడలో కడప బండలతో కట్టిన అర మూడు వైపులా మూసుకుపోయి ఉంటుంది, మే నెలలో దాంట్లో పెట్టకండి. పైన జానెడు ఖాళీ ఉండే టేబుల్ మీద పెట్టండి. ఇంట్లో స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే కరెంటు పోయినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ బుయ్‌మంటుంది, సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఆ బాధ ఉండదు.

ఈ వారం పని: మీ స్పీకర్ల సెన్సిటివిటీతో, మీరు కూర్చునే దూరంతో ఇదే లెక్క కట్టి, కావాల్సిన వాట్లు నోట్‌బుక్‌లో రాయండి. తర్వాత ఇంట్లో ఉన్న పాత సెట్టును వెనక్కి తిప్పి, దాని మీద రాసిన వాట్లు, లోపలికి పోయే వాట్లు పక్కపక్కన వేయండి. వచ్చే పాఠంలో టీవీ, ఫోన్, రికార్డ్ ప్లేయర్ వైర్లు ఏ సాకెట్లో పెట్టాలో చూద్దాం.