జర్మనీలో దిగగానే తపాలా పెట్టె చూసుకోండి

శ్రీకాకుళం నుంచి చదువు కోసం జర్మనీ వెళ్లే పిల్లలకు ఒక మాట. గది తాళాలు చేతికి వచ్చిన రోజే, సూట్‌కేసు విప్పకముందే, కింద గుమ్మం దగ్గరుండే తపాలా పెట్టె మీద మీ పేరు అతికించండి.

మన ఏడు రోడ్ల కూడలి పక్క వీధుల్లో పోస్ట్‌మ్యాన్‌కు నాన్న పేరు చెబితే చాలు, ఇల్లు వెతుక్కుంటూ వచ్చేస్తాడు. అక్కడ చిరునామాలో ఫ్లాటు నంబరు సాధారణంగా రాయరు. వీధి, ఇంటి నంబరు, ఆపైన పెట్టె మీది పేరే ఆధారం. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. మా అమ్మాయి బ్యాంకు కార్డు అలాగే తిరిగిపోయింది. పెట్టె మీద అప్పటికీ పాత అద్దెదారు పేరే ఉంది. పాపం, చేతిలో ఉన్న కొద్దిపాటి నగదుతో చాలా రోజులు నెట్టుకొచ్చింది. కార్డు ఒక కవరులో, పిన్ మరో కవరులో వస్తాయి. పన్ను గుర్తింపు సంఖ్య, ఆరోగ్య బీమా కార్డు కూడా తపాలాలోనే.

పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. మనం ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించుకుంటాం కదా, అక్కడ అదే ముఖ్యం, పూర్తిగా ఉండాలి. స్నేహితుల గదిలో దిగితే వాళ్ల పేరు కింద మీదీ చేర్చండి, వాళ్లను అడిగే.

ఇంట్లో దిగిన 2 వారాల్లో నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. అందుకు ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. అది ఇస్తారో లేదో గది ఖాయం చేసుకునే ముందే అడగండి.