రైలు ప్రయాణంలో అనుకోనిది జరిగితే: ఎవరికి చెప్పాలి, ఏం చెప్పాలి, ఎప్పటిలోగా చెప్పాలి

"నా బ్యాగు పోయింది సార్" అంటే రైల్వే సిబ్బంది ఎంత మంచివాళ్లయినా చేయగలిగింది తక్కువ. "ఎస్-5 బోగీ, 34వ బెర్తు కింద, నీలం ట్రాలీ బ్యాగు, జిప్పుకు ఎర్ర రిబ్బను కట్టి ఉంది" అంటే మాత్రం, వచ్చే స్టేషన్లో ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షక దళం) కానిస్టేబుల్ నేరుగా ఆ బెర్తు దగ్గరికే వస్తాడు. బండి ఆగేది రెండు మూడు నిమిషాలు. ఆ కాస్త సమయంలో పని జరగాలంటే వివరం కచ్చితంగా ఉండాలి, కబురు బండికన్నా ముందు చేరాలి.

అందుకే బయల్దేరే ముందు ఒక చిన్న కాగితం రాసుకోండి. రైలు నంబరు, టికెట్టు మీది పీఎన్‌ఆర్ నంబరు, బోగీ, బెర్తు, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు. దాన్ని చొక్కా జేబులోనో, చీర కొంగున ముడిలోనో పెట్టుకోండి. బ్యాగులో వద్దు, ఫోన్ కవరు వెనకాల అసలే వద్దు. ఫోన్ పోయిన రోజు పీఎన్‌ఆర్ కూడా దాంతోనే పోతుంది, కన్నకొడుకు నంబరు కూడా గుర్తుండదు. అదే కాగితంతో పాటు వెయ్యో రెండు వేలో రూపాయలు చిన్న నోట్లుగా మడిచి ఉంచండి. ఒక డెబిట్ కార్డు పర్సులో కాకుండా వేరేచోట పెట్టండి.

గుర్తుంచుకోవలసిన నంబరు 139. విచారణకూ, ఫిర్యాదుకూ, భద్రతకూ రైల్వేలో ఇప్పుడు ఇదొక్కటే. తెలుగులో మాట్లాడవచ్చు. రైల్ మదద్ యాప్‌లో కూడా పీఎన్‌ఆర్ కొట్టి ఫిర్యాదు చేయవచ్చు. మరుగుదొడ్డిలో నీళ్లు రాకపోతే, దుప్పటి మురికిగా ఉంటే యాప్ చాలు, ఫోటో పెట్టండి. దొంగతనం, గొడవ, వేధింపు, అనారోగ్యం అయితే టైపు చేస్తూ కూర్చోకుండా ఫోనే చేయండి. ఏ దారిన చెప్పినా ఫిర్యాదు నంబరు తీసుకుని రాసుకోండి. తర్వాత ప్రతి కౌంటరు దగ్గరా మొదట అడిగేది అదే.

బండి మిమ్మల్ని వదిలేసి వెళ్లిపోతే

విజయవాడలో పది నిమిషాలు ఆగుతుంది కదా అని నీళ్ల సీసాకో, పులిహోర పొట్లానికో దిగుతారు. ఆలస్యంగా వచ్చిన బండిని ఒక్కోసారి ఐదు నిమిషాలకే పంపించేస్తారు. సిగ్నల్ పడి, బండి ఇంకా ఆగే ఉంటే మీ బోగీ దాకా పరుగెత్తకండి. ఎదురుగా ఏ రిజర్వేషన్ బోగీ ఉంటే అది ఎక్కి, లోపల్నుంచి నడిచి వెళ్లండి. జనరల్ బోగీల నుంచి లోపలికి దారి చాలా బండ్లలో ఉండదు, కాబట్టి అవి ఎక్కితే తర్వాతి స్టేషన్లో దిగి మారాలి.

కదిలిన బండిని మాత్రం ఎక్కకండి. చేయి కడ్డీని పట్టుకుంటుంది, కాలు ఇంకా ప్లాట్‌ఫాం మీదే ఉంటుంది. బండి వేగం పెరిగేకొద్దీ శరీరం మెట్టుకీ ప్లాట్‌ఫాంకీ మధ్య సందులోకి తిరుగుతుంది. ప్రాణాలు పోయేది ఇలాగే. తప్పిన బండి ఖరీదు ఒక టికెట్టు, అంతకుమించి ఏమీ కాదు.

బండి వెళ్లిపోయాక చేయవలసింది డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంట్ ఆఫీసుకో, ఆర్‌పీఎఫ్ పోస్టుకో వెళ్లడం. చాలా స్టేషన్లలో ఇవి ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీద ఉంటాయి. కాగితంలోని వివరాలు చెప్పి, సామాను ఏ బెర్తు కింద ఎన్ని ఉన్నాయో, ఏ రంగులో ఉన్నాయో రాయించండి. వాళ్లు ముందున్న స్టేషన్‌కి కబురు పంపితే అక్కడ దింపి ఉంచుతారు. తీసుకునేటప్పుడు గుర్తింపు కార్డు చూపించి, లోపల ఏమేం ఉన్నాయో చెప్పాలి.

బండిలో మీవాళ్లు ఉంటే వెంటనే ఫోన్ చేసి రెండు మాటలు చెప్పండి: చైన్ లాగొద్దు, నేను చెప్పిన స్టేషన్లోనే దిగండి. తమంతట తాము వెళ్లగలవాళ్లు ప్లాట్‌ఫాం మీద మిగిలిపోయారని చైన్ లాగితే సరైన కారణంగా ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు. తగిన కారణం లేకుండా లాగితే రైల్వే చట్టం 141వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా పడవచ్చు. చంటిబిడ్డో, తమంతట తాము వెళ్లలేని ముసలివాళ్లో కింద ఉండిపోతే మాత్రం వెనకాడకుండా లాగండి. చైన్ ఉన్నదే అందుకు.

ఇక ముందుకు వెళ్లడానికి పాత టికెట్టు పనికిరాదు. రిజర్వేషన్ టికెట్టు ఆ తేదీకి, ఆ రైలుకే చెల్లుతుంది. కొత్తగా జనరల్ టికెట్టు తీసుకోండి. కౌంటరు దగ్గర వరుస ఎక్కువగా ఉంటే రైల్‌వన్ యాప్‌లో కొనవచ్చు. స్లీపర్‌లో వెళ్లాలనుకుంటే ఎక్కకముందే టీటీఈని, అంటే బండిలో టికెట్లు చూసే ఉద్యోగిని అడిగి, ఖాళీ ఉంటే తేడా కట్టి రసీదు తీసుకోండి. ఆయన మిమ్మల్ని పట్టుకునేదాకా ఆగితే చార్జీ తేడాకు తోడు కనీసం 250 రూపాయల జరిమానా పడుతుంది. మిగిలిన దూరం వంద కిలోమీటర్ల లోపే అయితే ఆర్టీసీ బస్టాండుకి వెళ్లడమే మంచిది.

స్టేషన్ పొరపాటు

హైదరాబాదులో ఇది ఇప్పుడు మామూలైపోయింది. సికింద్రాబాద్, కాచిగూడ, నాంపల్లికి తోడు 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ కూడా ప్రారంభమైంది. సికింద్రాబాద్ పునర్నిర్మాణం వల్ల కొన్ని బండ్లను చర్లపల్లికి మార్చారు. ఏళ్ల తరబడి ఒకే స్టేషన్లో ఎక్కిన అలవాటు మీద వెళ్లిపోయేవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడుతున్నారు. విశాఖ వైపు కూడా ఇంతే. కొన్ని బండ్లు విశాఖపట్నం లోపలికి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి. టికెట్టు మీద ఊరు పేరు కాదు, స్టేషన్ పేరు చదవండి. ముందురోజు రాత్రి ఇంకోసారి చూడండి.

ఎక్కే స్టేషన్ మార్చుకోవాలంటే రైల్వే టికెట్ల వెబ్‌సైట్ ఐఆర్‌సీటీసీలో గడువులోగా మార్చుకోవాలి. ఒకసారి మార్చాక పాత స్టేషన్లో ఎక్కే హక్కు పోతుంది. గడువు దాటాక తెలిసిందంటే 139కి ఫోన్ చేసి, ఫలానా స్టేషన్లో ఎక్కుతున్నానని టీటీఈకి తెలియజేయమని అడగండి. ఇది మర్యాదపూర్వకమైన విన్నపమే, బెర్తుకి హామీ కాదు. మీరు రాలేదని ఆయన నమోదు చేస్తే ఆ బెర్తు, సీటు మాత్రమే దొరికి బెర్తు కోసం చూస్తున్న ఆర్‌ఏసీ వాళ్లకు వెళ్లిపోతుంది.

ఫోన్ పోతే

రైల్లో పోయేవాటిలో ఎక్కువ నష్టం తెచ్చేది ఫోనే, ఎందుకంటే బ్యాంకు కూడా అందులోనే ఉంది. పక్కవాళ్ల ఫోన్ నుంచి ఒకసారి రింగు చేయండి. దుప్పటి మడతలో దొరికితే సరే. స్విచ్ ఆఫ్ అని వస్తే ఇక వెతుకుతూ కూర్చోకండి.

మొదట సిమ్ బ్లాక్ చేయించండి. చాలామంది మొదట పోలీసుల కోసం వెతుకుతారు, అది తర్వాత. దొంగ చేతిలో సిమ్ ఉన్నంతసేపూ దాన్ని తీసి ఇంకో ఫోన్లో వేస్తే చాలు, మీ ఓటీపీలన్నీ వాడికే వస్తాయి. స్క్రీన్ లాక్ దీన్ని ఆపలేదు. ఆపగలిగేది సిమ్ పిన్ ఒక్కటే. సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ ముందే పెట్టుకుంటే ఈ గండం సగం తప్పుతుంది. తర్వాత బ్యాంకుకి ఫోన్ చేసి యూపీఐ, కార్డులు ఆపించండి. డబ్బు అప్పటికే పోయి ఉంటే 1930 సైబర్ నేరాల నంబరుకి వెంటనే చెప్పండి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉన్నప్పుడే దాన్ని ఆపగలరు, గంటలు గడిచేకొద్దీ ఖాతాలు మారిపోతుంది.

ఆ తర్వాత ఫిర్యాదు. ఇక్కడ ఒక తేడా తెలిసి ఉండాలి. సామాను వెతికి దింపడం, రక్షణ ఆర్‌పీఎఫ్ పని. దొంగతనం కేసు నమోదు చేసేది జీఆర్‌పీ, అంటే రైల్వేల్లో పనిచేసే రాష్ట్ర పోలీసులు. కేసు పెట్టడానికి బండి దిగి ప్రయాణం పాడుచేసుకోనక్కరలేదు. ఎఫ్ఐఆర్ ఫారాలు టీటీఈ, గార్డు, ఎస్కార్టు పోలీసుల దగ్గర ఉంటాయి. నింపి ఇస్తే తర్వాతి జీఆర్‌పీ స్టేషన్‌కి అందజేస్తారు. దొంగతనం ఏ జిల్లాలో జరిగిందో తెలియదన్న కారణంతో ఎవరైనా వెనక్కి పంపితే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173వ సెక్షన్ ప్రకారం ఏ పోలీసు స్టేషన్లో అయినా సమాచారం తీసుకోవాలని చెప్పండి. జీరో ఎఫ్ఐఆర్ అంటే అదే.

ఫారంలో ఐఎంఈఐ నంబరు, అంటే ప్రతి ఫోన్‌కీ ఉండే ప్రత్యేక నంబరు రాయాలి. ఇప్పుడే మీ ఫోన్లో *#06# కొట్టి, కనిపించిన నంబర్లు ఇంట్లో డైరీలో రాసి పెట్టండి. ఎఫ్ఐఆర్ లేదా ఫిర్యాదు కాపీతో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో, పోయిన ఫోన్లను ఆపే సీఈఐఆర్ విభాగంలో ఆ నంబరు బ్లాక్ చేస్తే, ఏ సిమ్ వేసినా ఆ ఫోన్ మన దేశంలో నెట్‌వర్క్‌కి పనిచేయదు. ఎవరైనా వాడబోతే పోలీసులకు జాడ తెలుస్తుంది. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ పోలీసులు ఈ పద్ధతిలో ఫోన్లు వెతికి యజమానులకు ఇస్తున్నారు.

కొత్త సిమ్ తీసుకున్న మొదటి 24 గంటలూ ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. మోసాలు ఆపడానికే ఈ కట్టడి. అంటే ఆ రోజు ఓటీపీ రాదు, యూపీఐ మళ్లీ మొదలవదు. చేతిలో నోట్లు ఉంచుకోమని మొదట్లో చెప్పింది ఇందుకే.

కిటికీలోంచో తలుపు దగ్గరో ఫోన్ జారి పట్టాల పక్కన పడితే కథ వేరు. చైన్ లాగకండి, అది తగిన కారణం కాదు. వెంటనే బయటికి చూడండి. కరెంటు లైను స్తంభాల మీద కిలోమీటరు, దాని కింద వరుస నంబరు రాసి ఉంటాయి. కనిపించిన స్తంభం నంబరు, సమయం, ఏ వైపు పడిందో రాసుకుని 139కి చెప్పండి. రెండు స్టేషన్ల మధ్య వెతకడం వేరు, రెండు స్తంభాల మధ్య వెతకడం వేరు.

టికెట్టు, గుర్తింపు కార్డు

ఈ-టికెట్టుకి కాగితం అవసరం లేదు, మెసేజీ, అసలు గుర్తింపు కార్డు ఉంటే చాలు. ఫోన్ చార్జింగ్ అయిపోయినా టీటీఈ దగ్గర జాబితాలో పేరు ఉంటుంది కనుక, కార్డు చూపిస్తే చిన్న జరిమానాతో పోతుంది. టికెట్టు ఉండి కార్డు లేకపోతేనే ప్రమాదం. టికెట్టు లేనివాళ్ల కింద లెక్కగడతారు. డిజిలాకర్‌లోని ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతాయి, కానీ ప్రభుత్వం జారీ చేసిన పత్రాల విభాగంలో ఉన్నవే. మీరు ఫోటో తీసి ఎక్కించినవి చెల్లవు.

కౌంటర్లో కొన్న టికెట్టు పోతే, చార్టు (ప్రయాణికుల జాబితా) తయారయ్యే ముందు రిజర్వేషన్ కౌంటర్లో డూప్లికేట్ ఇస్తారు. స్లీపర్, సెకండ్ క్లాసుకి 50 రూపాయలు, పై తరగతులకి 100. చార్టు అయ్యాక అయితే చార్జీలో సగం కట్టాలి. వెయిటింగ్ లిస్టు టికెట్టుకి డూప్లికేట్ ఇవ్వరు. పీఎన్‌ఆర్ తెలియాలి కాబట్టి రిజర్వేషన్ ఫారంలో సొంత ఫోన్ నంబరే రాయండి, రాసిపెట్టే వాళ్ల నంబరు కాదు.

ఆలస్యం, రద్దు, తప్పిపోయిన రెండో బండి

2024 సెప్టెంబరు 1న వరదకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి, విజయవాడ–కాజీపేట దారిలో రాకపోకలు ఆగిపోయాయి. మన తీరంలో అక్టోబరు, నవంబరు నెలలు తుఫాన్లవి. ఇలాంటప్పుడు డబ్బు తిరిగి రావడం గడువుల మీద ఆధారపడుతుంది.

బండి రైల్వేయే రద్దు చేస్తే ఈ-టికెట్టు డబ్బు దానంతట అదే వస్తుంది. కౌంటరు టికెట్టయితే బయల్దేరాల్సిన సమయం నుంచి మూడు రోజుల్లోగా కౌంటర్లో ఇవ్వాలి. బండి మూడు గంటలకు మించి ఆలస్యమై, మీరు వెళ్లదలచుకోకపోతే మొత్తం చార్జీ వస్తుంది. అయితే టీడీఆర్‌ని, అంటే డబ్బు వాపసు కోరే అర్జీని, బండి మీ స్టేషన్ నుంచి నిజంగా కదిలేలోపు వేయాలి. ఇంటికి వెళ్లి తీరిగ్గా వేసి, తిరస్కరించారని బాధపడేవాళ్లు చాలామంది. ఆటో ఎక్కేముందే ప్లాట్‌ఫాం మీద నిలబడి వేసేయండి. ఏసీ పనిచేయకపోతే టీటీఈ దగ్గర ధ్రువపత్రం తీసుకుని, గమ్యం చేరిన 20 గంటల్లోగా వేయాలి. వచ్చేది మొత్తం చార్జీ కాదు, ఏసీ లేని తరగతికీ దీనికీ ఉన్న తేడా.

శ్రీకాకుళం నుంచి సికింద్రాబాద్, అక్కణ్నుంచి నాందేడ్ వంటి రెండు బండ్ల ప్రయాణమైతే రెండు పీఎన్‌ఆర్‌లను ఐఆర్‌సీటీసీలో కలపండి. 2019 ఏప్రిల్ 1 నుంచి ఈ వీలుంది. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పితే, వెళ్లని భాగానికి కోత లేకుండా డబ్బు వస్తుంది. రెండింటిలోనూ ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి. ఒకదానిలో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదానిలో పొడి అక్షరంగా ఉంటే కలవవు.

ఒంట్లో బాగాలేకపోతే

వాంతులు, విరేచనాలు రైల్లో తరచూ వచ్చేవే. ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసిన కొలతకే కలపండి, మామూలుగా పెద్ద పొట్లానికి లీటరు నీళ్లు. సగం సీసాలో మొత్తం పొట్లం పోస్తే ఉప్పు ఎక్కువై మేలుకన్నా కీడు చేస్తుంది. పొట్లం లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపండి. గ్లాసుడు ఒక్కసారిగా కాకుండా గుక్క గుక్కగా తాగించండి.

ఛాతీ నొప్పి, మాట తడబాటు, ఒకవైపు చేయి పడిపోవడం, ఆగని రక్తం అయితే ఇంటి వైద్యం వద్దు. టీటీఈకి చెప్పండి, 139కి ఫోన్ చేసి రోగి వయసు, లక్షణాలు, బోగీ నంబరు చెప్పి ముందు స్టేషన్‌కి డాక్టరుని, అంబులెన్సుని అడగండి. పెద్ద ఆసుపత్రి ఉన్న ఊరు అరగంట దూరంలో ఉంటే చిన్న స్టేషన్లో దింపాలా, అక్కడిదాకా వెళ్లాలా అన్నది డాక్టరుతో ఫోన్లో మాట్లాడి నిర్ణయించండి. డాక్టరు ఫీజు, మందుల ఖర్చు ప్రయాణికులే కట్టాలి, రసీదు అడిగి తీసుకోండి. బీపీ, షుగరు మందులు ప్రయాణం రోజులకన్నా రెండు రోజులకు ఎక్కువగా, సీటు కింద పెట్టెలో కాక చేతిసంచిలో ఉండాలి. ఇన్సులిన్‌ని కిటికీ ఎండకు దూరంగా పెట్టండి.