వాణిజ్య ఒప్పందం వచ్చిందా? కార్మికుల వైపు నుంచి దాన్ని ఇలా చదవండి

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరిందని వార్త రాగానే రెండు రకాల మాటలు వినపడతాయి. ఎగుమతులు పెరుగుతాయి, ఉద్యోగాలొస్తాయి అని కొందరు, ఉన్న ఉద్యోగాలు ఊడిపోతాయి అని ఇంకొందరు. ఇరువైపులా చాలామంది ఆ ఒప్పందాన్ని తెరిచి చూసి ఉండరు. వాళ్లను తప్పుపట్టలేం, వందల పేజీలు, పైగా లాయర్ల భాష. కానీ అందులో కార్మికులకు ఏముందో తెలుసుకోవడానికి అదంతా చదవక్కర్లేదు. ఎక్కడ చూడాలో తెలిస్తే ఒక సాయంత్రం చాలు. యూనియన్‌లో పనిచేసేవాళ్లు, ఈ విషయాల మీద రాసేవాళ్లు, చదువుకునేవాళ్లు, ఎవరైనా చేయగలరు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వ్యాపారానికి తలుపులు తెరవడం తప్పని నేను అనుకోను, మూసేసినంత మాత్రాన కార్మికుడి కూలి పెరుగుతుందన్న గ్యారంటీ కూడా లేదు. నా బాధ వేరే. సరుకుకీ పెట్టుబడికీ ఇచ్చిన మాట తప్పితే జరిమానా, ఎదురు సుంకం, నష్టపరిహారం ఉంటాయి. కార్మికుడికి ఇచ్చిన మాట తప్పితే చాలా ఒప్పందాల్లో అధికారులు ఒకసారి కూర్చుని మాట్లాడుకోవడం తప్ప ఇంకేమీ ఉండదు. ఈ తేడా ఎంత తక్కువుంటే ఒప్పందం అంత న్యాయంగా ఉన్నట్టు. అది ఎంతుందో ఎలా చూడాలన్నదే ఇక్కడ రాస్తున్నాను.

చాలామందికి మొదట వచ్చే సందేహం, ఇవన్నీ ప్రపంచ వాణిజ్య సంస్థ చూసుకోదా అని. చూసుకోదు. 1996 డిసెంబరులో సింగపూర్‌లో జరిగిన మంత్రుల సమావేశంలోనే దేశాలన్నీ కలిసి కార్మిక ప్రమాణాల సంగతి అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంటే ఐఎల్ఓ, చూసుకోవాలని తేల్చేశాయి. తక్కువ జీతాల వల్ల పేద దేశాలకున్న అనుకూలతను ప్రశ్నించకూడదని కూడా ఆ ప్రకటనలో రాసుకున్నాయి. ఐఎల్ఓకు 1919 నుంచి చరిత్ర ఉంది, నిబంధనలూ ఉన్నాయి, కానీ సుంకం పెంచే అధికారం దాని చేతిలో లేదు. ఆ అధికారానికి దారి చూపే వాణిజ్య సంస్థకేమో కార్మికుల గురించి నిబంధనలు దాదాపు లేవు, జైళ్లలో ఖైదీలు చేసిన సరుకును అడ్డుకోవచ్చన్న పాత మినహాయింపు తప్ప. అందుకే దేశాలు తమలో తాము కుదుర్చుకునే ఒప్పందాల్లో ఏం రాశారన్నది ఇంత ముఖ్యమైంది.

పేద దేశాల భయం ఉత్తదే అని నేను అనను. కార్మికుల పేరు చెప్పి తమ సరుకును రానివ్వరేమోనన్న అనుమానానికి కారణాలున్నాయి. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. ఐఎల్ఓ 1998లో ప్రకటించిన ప్రాథమిక హక్కుల్లో ఎక్కడా ఇంత జీతం ఇవ్వాలని లేదు. యూనియన్ పెట్టుకుని సామూహికంగా బేరమాడే హక్కు, వెట్టిచాకిరీ లేకపోవడం, బాలకార్మికులు లేకపోవడం, వివక్ష లేకపోవడం, అంతే. 2022లో సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని పరిస్థితులు ఐదోదిగా చేరింది. ఏ దేశమూ పేదరికం వల్ల వీటిలో దేన్నీ వదులుకోవాల్సిన పని లేదు.

చివరి నుంచి చదవండి

ఒప్పందంలో కార్మికుల అధ్యాయం ఉందో లేదో విషయసూచికలో తెలిసిపోతుంది. ఉంటే ముందు దాని చివరి పేరా చూడండి. "ఈ అధ్యాయానికి వివాద పరిష్కార నిబంధనలు వర్తించవు" అనే అర్థం వచ్చే వాక్యం అక్కడ ఉందంటే, పైనున్న మంచిమాటలన్నీ మర్యాద కోసం రాసినవే అనుకోవచ్చు. 1994లో అమల్లోకి వచ్చిన అమెరికా, కెనడా, మెక్సికోల వాణిజ్య ఒప్పందం నాఫ్టాకు కార్మికుల గురించి ఒక పక్క ఒప్పందం జతచేశారు. అందులో యూనియన్ హక్కుల ఫిర్యాదు ఎంత పెద్దదైనా మంత్రుల సంప్రదింపుల దగ్గర ఆగిపోవాల్సిందే, దాన్ని దాటి పోవడానికి దారి లేదు.

శిక్ష లేకపోతే ఏమీ జరగదా అంటే, అప్పుడప్పుడు జరుగుతుంది. దక్షిణ కొరియాతో తన ఒప్పందంలోని కార్మిక హామీల మీద ఐరోపా సమాఖ్య 2018లో సంప్రదింపులు కోరింది, 2021 జనవరిలో నిపుణుల బృందం నివేదిక వచ్చింది, అదే ఏడాది ఏప్రిల్‌లో కొరియా వెట్టిచాకిరీ గురించిన ఐఎల్ఓ 29వ ఒడంబడికనీ, యూనియన్ హక్కుల 87, 98 ఒడంబడికల్నీ ఆమోదించింది. సుంకాల బెదిరింపు లేకుండానే ఇది సాధ్యమైంది. కానీ పరువు గురించి పట్టించుకునే ప్రభుత్వం అవతల ఉంటేనే ఇలా జరుగుతుంది, ప్రతిసారీ దాని మీద ఆధారపడలేం.

తర్వాత క్రియాపదాలు చూడండి. "చేయాలి" అని ఉందా, "కృషి చేస్తుంది", "ప్రాముఖ్యాన్ని గుర్తిస్తుంది" అని ఉందా? రెండు రంగుల పెన్నులు తీసుకుని గీతలు గీయండి, పది నిమిషాల్లో బొమ్మ మొత్తం కనపడుతుంది. అదే పెన్నులతో పెట్టుబడుల అధ్యాయం కూడా చూడమని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఈ రెండూ పక్కపక్కన పెడితేనే అసలు తేడా తెలుస్తుంది. అక్కడ విదేశీ పెట్టుబడిదారు నేరుగా ప్రభుత్వాన్ని అంతర్జాతీయ ట్రిబ్యునల్‌కు లాగగలడేమో చూడండి. ఫ్రెంచ్ కంపెనీ వియోలియా 2012లో ఈజిప్టు మీద వేసిన కేసులో కనీస వేతనం పెరగడం వల్ల తనకు పడిన ఖర్చు కూడా ఒక అంశం. 2018లో ట్రిబ్యునల్ ఆ కేసు కొట్టేసింది, నిజమే, కానీ ఆరేళ్లు ఒక ప్రభుత్వం దానికి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. కనీస వేతనం, కార్మిక భద్రత, సామాజిక బీమా లాంటి చట్టాల మీద ఇలాంటి కేసులు వేయకూడదని స్పష్టంగా రాసి ఉందా? లేకపోతే అడగాల్సిన మొదటి సవరణ అదే.

చిన్న మాటలు, పెద్ద నష్టం

ఈ భాగం మీద కొంచెం ఎక్కువ టైమ్ పెట్టండి, ఎందుకంటే ఒప్పందాలు ఓడిపోయేది ఇక్కడే. గ్వాటెమాలాలో కార్మిక చట్టాలు అమలు కావట్లేదని అక్కడి యూనియన్లు, అమెరికా కార్మిక సమాఖ్య కలిసి 2008లో ఫిర్యాదు చేశాయి. తొమ్మిదేళ్ల తర్వాత, 2017లో తీర్పు వచ్చింది. కొన్ని పని ప్రదేశాల్లో చట్టం అమలు చేయలేదని ప్యానెల్ ఒప్పుకుంది. అయినా కేసు ఓడిపోయింది. కారణం అమెరికాతో గ్వాటెమాలాకున్న వాణిజ్య ఒప్పందంలోని రెండు మాటలు, ఆ ఉల్లంఘన "నిరంతరంగా లేదా పదేపదే" జరగాలి, పైగా "వాణిజ్యంపై ప్రభావం చూపేలా" ఉండాలి. యూనియన్ పెట్టారని పనిలోంచి తీసేసిన మనిషి తన ఉద్యోగం పోవడం వల్ల రెండు దేశాల మధ్య వ్యాపారం మీద ప్రభావం పడిందని ఎక్కడి నుంచి నిరూపిస్తాడు? ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నాఫ్టా స్థానంలో 2020 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త ఒప్పందంలో ఈ భారాన్ని తిప్పేశారు, ప్రభావం ఉందనే ముందు అనుకుంటారు, లేదని అవతలివాళ్లు నిరూపించుకోవాలి. మీ ముందున్న ఒప్పందంలో ఏ పద్ధతి ఉందో చూడండి.

అలాగే ఫిర్యాదు ఎవరు చేయొచ్చు, ఎవరి మీద చేయొచ్చు, ఎన్ని రోజుల్లో తేల్చాలి అన్నవి. దేశం మీద దేశం ఫిర్యాదు చేస్తే ఏళ్లు పడుతుంది. ఆ కొత్త ఒప్పందంలో ఒక్కో ఫ్యాక్టరీ మీద వేసుకునే వేగవంతమైన పద్ధతి పెట్టారు. మెక్సికోలోని సిలావ్‌లో జనరల్ మోటార్స్ ప్లాంట్‌లో పాత యూనియన్ కుదుర్చుకున్న కాంట్రాక్టు మీద ఓటింగ్‌లో అక్రమాలు జరిగాయని 2021 మే నెలలో దాన్ని మొదటిసారి వాడారు. మళ్లీ ఓటింగ్ పెడితే కార్మికులు ఆ కాంట్రాక్టును తిరస్కరించారు, 2022 ఫిబ్రవరిలో స్వతంత్ర యూనియన్‌ను ఎన్నుకున్నారు, తర్వాత జీతాలు పెరిగాయి. ఏడాది లోపల కొత్త యూనియన్ వచ్చింది! దీనిలోనూ ఒక లోపం ఉంది, ఆచరణలో ఇది దాదాపుగా మెక్సికో ఫ్యాక్టరీల మీదే పనిచేస్తుంది, అమెరికా ఫ్యాక్టరీల మీద వాడాలంటే షరతులు చాలా గట్టివి. రెండు వైపులా ఒకేలా వర్తించాలని అడగడం న్యాయం.

ఎగుమతి మండలాల మాట మర్చిపోవద్దు. దేశమంతటికీ ఒక చట్టం, ఎగుమతి మండలంలో దానికి మినహాయింపు అంటే, ఒప్పందం వల్ల పని దొరికేవాళ్లకే రక్షణ ఉండదు.

కంపెనీలు తామే ఆడిట్ చేయించుకుంటాం అని రాసుకున్న నిబంధనలను మాత్రం నేను నమ్మను. బంగ్లాదేశ్‌లో 2013 ఏప్రిల్ 24న కూలిన రానా ప్లాజాలోని కొన్ని గార్మెంట్ ఫ్యాక్టరీలకు ఆడిట్లు జరిగే ఉన్నాయి. ముందు రోజు గోడలకు బీటలు కనపడ్డాయి, అయినా మర్నాడు పనిలోకి రమ్మని ఒత్తిడి చేశారు, 1,134 మంది చనిపోయారు. లోపలికి వెళ్లం అని అందరి తరఫున చెప్పే యూనియన్ అక్కడ లేదు. ఆ తర్వాత బ్రాండ్లు, యూనియన్లు కలిసి సంతకం చేసిన అకార్డ్ అనే భద్రతా ఒప్పందం చట్టబద్ధమైన కాంట్రాక్టు, మాట తప్పితే మధ్యవర్తి ముందుకు లాగొచ్చు. ఒప్పందం చదివేటప్పుడు ఈ రెంటిలో ఏది రాశారో చూడండి.

శిక్షే అక్కర్లేదు, బహుమతి కూడా పనిచేస్తుంది. 1999లో అమెరికా, కంబోడియా బట్టల ఒప్పందంలో పని పరిస్థితులు బాగుపడితే కోటా, అంటే అమెరికాకు పంపగల బట్టల పరిమితి, పెంచుతామన్నారు, ఫ్యాక్టరీలను ఐఎల్ఓ తనిఖీ చేసేది. 2005లో ప్రపంచమంతా బట్టల కోటాలు పోవడంతో ఆ బహుమతి కూడా పోయింది. సుంకాలు దశలవారీగా తగ్గించే చోట ప్రతి దశకూ ఇలాంటి షరతు పెట్టమని ఇప్పటికీ అడగొచ్చు.

ఒప్పందంలో కనపడని సగం

సంక్షేమం గురించి ఒప్పందంలో ఏమీ దొరకదు, దానికోసం బడ్జెట్ చూడాలి. చౌక సరుకు వల్ల లాభం అందరికీ కొద్దికొద్దిగా పంచుకుపోతుంది, నష్టం మాత్రం కొన్ని ఊళ్ల మీద, కొన్ని వృత్తుల మీద కుప్పగా పడుతుంది. చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. చైనా దిగుమతుల పోటీ అమెరికా ప్రాంతాలను ఎలా తాకిందో ఆటర్, డోర్న్, హాన్సన్ అనే ఆర్థికవేత్తలు లెక్కలు తీసి 2013లో ప్రచురించారు. పోటీ ఎక్కువ పడిన చోట నిరుద్యోగం పెరిగింది, జీతాలు తగ్గాయి, జనం వేరే ఊరికి వెళ్లి వేరే పనిలో చేరిపోతారన్న పాఠ్యపుస్తకాల ఊహ పెద్దగా జరగలేదు. ఇల్లు, పిల్లల చదువు, ముసలి తల్లిదండ్రులు ఉన్న మనిషి సరుకులాగా కదలడు.

వ్యాపారం వల్ల ఉద్యోగం పోయినవాళ్లకి అని అమెరికా 1962లో ఒక ప్రత్యేక పథకం పెట్టింది. 2022 జులై నుంచి కొత్తవాళ్లను తీసుకోవడం ఆగిపోయింది, దిగుమతుల పోటీ మాత్రం ఆగలేదు. పైగా నా ఉద్యోగం దిగుమతుల వల్లే పోయిందని నిరూపించుకునే టెన్షన్ ఒకటి. అందుకే నా సలహా, ప్రత్యేక పథకం కంటే అందరికీ వర్తించే నిరుద్యోగ భృతి, ఉద్యోగంతో ముడిపడని ఆరోగ్య బీమా, పింఛను అడగండి. వ్యాపారానికి ఎక్కువ తెరుచుకున్న దేశాల్లో ప్రభుత్వ ఖర్చు కూడా ఎక్కువుంటుందని ఆర్థికవేత్త డానీ రోడ్రిక్ 1998లోనే లెక్కలతో చూపించాడు. దిగుమతుల పోటీకి జనాన్ని వదిలేటప్పుడు కింద వల కూడా కట్టాలి.

ఆ వలకు డబ్బెక్కడిది? సుంకాలు తగ్గితే ఖజానాకు ఆదాయం తగ్గుతుంది, పేద దేశాల్లో ఈ దెబ్బ ఇంకా ఎక్కువ. ఆ లోటు దేంతో పూడుస్తారో ప్రభుత్వాన్ని అడగండి. అమ్మకం పన్ను పెంచుతాం అంటే, లాభపడ్డ ఎగుమతిదారు వాటా నష్టపోయినవాడి జేబులోంచి తీస్తున్నట్టే. పెద్ద కంపెనీల లాభాల మీద కనీసం 15 శాతం పన్ను ఉండాలని 2021లో 130కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి, పెట్టుబడికి తెరిచే ప్రతి ఒప్పందంలోనూ ఆ మాట ఎత్తాలి.

ఇవన్నీ అడగాల్సింది సంతకాలకు ముందే. సంతకమయ్యాక పార్లమెంటులో కామా మార్చడం కూడా కష్టం. చర్చల దశలోనే మీ గీతలతో ఒక పేజీ తయారుచేసి, ఏ వాక్యం ఎలా మార్చాలో మీరే రాసి, వాణిజ్య శాఖకూ, కార్మిక శాఖకూ, మీ ప్రతినిధికీ పంపండి. ఒప్పందం అమల్లోకి వచ్చేసి ఉంటే మాత్రం రికార్డు మొదలుపెట్టండి. ఏ తేదీన ఎవరిని ఎందుకు తీసేశారు, ఓవర్‌టైమ్ ఎన్ని గంటలు, చెప్పిన మనిషి పేరు బయటపడకుండా ఒక పుస్తకంలో రాయండి, దాని పక్కనే ఆ వారం ఏ సరుకు ఏ దేశానికి పోయిందో, పెట్టె మీద ఏ కొనుగోలుదారు పేరుందో ఫొటో తీసి పెట్టండి. గ్వాటెమాలా కేసులో అందకుండా పోయింది ఈ రెండో రకం వివరాలే.