ఇంట్లో సన్‌డ్యూ – మూడో పాఠం: కాచిన నీళ్లూ ఉప్పు నీళ్లే

సన్‌డ్యూ, అంటే ఆకుల జిగురుతో పురుగులు పట్టే మొక్క, పెంచే ఈ పాఠాల్లో ఈసారి లైటు అమర్చడం చెప్పాల్సింది. దాన్ని పక్కన పెట్టేశాను. పోయిన పాఠం చదివి విత్తనాలు చల్లినవాళ్ల మాటలు వింటే, చాలామంది దగ్గర లైటు పెట్టడానికి మొలకే లేదని తెలిసింది.

ముందు చిన్న తప్పులు. గుత్తి నుంచి ఒకాయన విత్తనాల మీద వేలెడు మందాన కప్పేశాడు. "శనక్కాయ ఇత్తినట్టే ఇత్తినా సార్" అన్నాడు. ఇందులో తప్పు నాది. పైన చల్లి వదిలేయమన్నాను గానీ ఎందుకో చెప్పలేదు. ఈ విత్తనాలు రాగి గింజకన్నా సన్నం. వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. కప్పొద్దు, పైనుంచి నీళ్లు పోయొద్దు. ఇంకొందరు తొమ్మిదో రోజుకే విసుగొచ్చి కుండీ పారబోశారు. మనం వేసింది దక్షిణాఫ్రికా సన్‌డ్యూ, డ్రోసెరా కపెన్సిస్. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మొలిచినా ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటుంది. ఫోను కెమెరాలో పెద్దది చేసి వెతకండి. మొదటి జత ఆకులకు జిగురు ఉండదు, కలుపు మొక్క అనుకుని పీకేయకండి.

పీట్ దొరకలేదని కోకోపీట్ వాడినవాళ్లకు ఒక మాట. పేర్లలో చుట్టరికం తప్ప ఈ రెండింటికీ సంబంధం లేదు. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లు పేరుకున్న నాచు. కోకోపీట్ కొబ్బరి పొట్టు, అందులో తరచూ ఉప్పు ఉంటుంది. నాలుగైదుసార్లు మంచి నీళ్లలో నానబెట్టి పిండి వాడేవాళ్లు ఉన్నారు. నాకంత ఓపిక లేదు, పీట్ తెప్పించుకుంటాను.

అసలు గొడవ నీళ్లది. తాడిపత్రి నుంచి ఒకామె రాసింది: "కాంచి సల్లార్చి, బట్టతో వడగట్టి పోస్తాండా సార్. పసిబిడ్డకు తాపే నీళ్లవి." ఆమె పంపిన ఫొటోలో కుండీ పైన తెల్లగా పూత పట్టింది. ఈ కాచిన నీళ్ల మాట ఇప్పటికి ఎన్నిసార్లు విన్నానో! ఈ ఒక్కసారి విడమరిచి చెప్తాను, మళ్లీ అడగొద్దు.

కాస్తే చచ్చేది క్రిములు. ఉప్పు చావదు. చారు మరిగేకొద్దీ ఉప్పనవుతుందా, చప్పబడుతుందా? నీళ్లూ అంతే. గిన్నె అడుగున తెల్లగా పట్టే పొర సున్నం. కొంత సున్నం అక్కడ దిగిపోయిన మాట నిజమే. మిగతా ఉప్పులన్నీ, తగ్గిన నీళ్లలో ఇంకా చిక్కగా, మీ కుండీలోకి వెళ్తాయి. బట్టతో వడగడితే నలుసులు ఆగుతాయి, కరిగిన ఉప్పు ఆగదు.

"తాగడానికి పనికొచ్చే నీళ్లు మొక్కకెందుకు పనికిరావు?" అని ఇంకో ప్రశ్న. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా కరిగిన లవణాలు ఉండొచ్చు. వేరే నీటి వసతి లేనిచోట 2000 దాకా ఒప్పుకుంటారు. సన్‌డ్యూకు 50 దాటకూడదు. సారం లేని బురదలో పుట్టిన మొక్క ఇది. మట్టిలో తిండి దొరక్కే పురుగులు పట్టడం నేర్చింది.

లెక్క వేయండి. మా ఇంటి బోరు నీళ్లకు టీడీఎస్ మీటరు, అంటే కరిగిన లవణాలు కొలిచేది, లీటరుకు 900 మిల్లీగ్రాములు చూపిస్తుంది. కుండీ కింది పళ్లెం ఎండాకాలంలో వారానికి లీటరు నీళ్లు లాగేస్తుంది. ఆవిరయ్యేది నీరొక్కటే. నాలుగు వారాలకు మూడున్నర గ్రాముల పైచిలుకు, అంటే ముప్పావు చెంచా ఉప్పు, ఆ చిన్న కుండీలోనే మిగులుతుంది. చౌడు భూమి చూసినవాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. మీ కిటికీలో మీరే చౌడు పుట్టిస్తున్నారు.

మరి ఏ నీళ్లు? వాన నీళ్లు మేలు. అనంతపురంలో అది పండగలా ఎప్పుడో వస్తుంది కాబట్టి, మిద్దె మీద మొదటి జల్లు వదిలేసి తర్వాతది డ్రమ్ముకు పట్టుకోండి. ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టడం నా పద్ధతి. ఇన్వర్టరు బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ కూడా సరే, కానీ అదే అంగట్లో యాసిడ్ క్యాన్లు కూడా ఉంటాయి, చీటీ చదివి కొనండి. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు ప్లాంటును బట్టి మారతాయి. కొలవకుండా పోయొద్దు. టీడీఎస్ మీటరు కొన్ని వందల్లో వస్తుంది. ఇంకో సంచి పీట్ కొనే ముందు అది కొనండి.

తెల్లపూత పట్టిన కుండీని బాగుచేద్దామని చూడకండి. పీట్ మార్చేయండి. విత్తనాలు మిగిలి ఉంటే పొట్లం కట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, చెడవు. కుండీని ఉంచి మూత పెట్టిన డబ్బాను మాత్రం నేరుగా ఎండలో పెట్టొద్దు. మార్చిలో నేను ఒకటి పెట్టి, సాయంత్రానికి ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు తీశాను.

అభ్యాసం: ఇంట్లో ఉన్న నీళ్లన్నిటినీ, కుళాయి, బోరు, క్యాన్, కాచినవి, ఏసీవి, శుభ్రమైన స్టీలు తట్టలో వరసగా చుక్క చుక్క వేసి ఎండబెట్టండి. ఏ చుక్క ఎంత మచ్చ వదిలిందో చూడండి. మచ్చ పడని నీళ్లను మీటరుతో కూడా చూసుకోండి. ఆ నీళ్లతో విత్తనం లేని కుండీని 21 రోజులు పోషించండి. పళ్లెంలో ఒక సెంటీమీటరు నీళ్లు ఒక్కరోజు కూడా ఎండకూడదు. ఎండితే మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. ఇరవై రెండో రోజున ఫ్రిజ్ తెరవండి.