పాత డిస్కుల వేగం లెక్క – 3వ పాఠం: కాగితం మీది వేగం, పళ్లెం మీది వేగం

ముందు పోయినసారి ఇంటిపని చూద్దాం. ఎంఎఫ్ఎం (డిస్కు మీద బిట్లు రాసే ఒక పద్ధతి) వాడిన తొలి తరం హార్డ్‌డిస్కుల (ఎస్‌టీ-506 రకం) వేగం సెకనుకు 5 మెగాబిట్లు, దాన్ని బైట్లలోకి మార్చమన్నాను. 50,00,000ని 8తో భాగిస్తే 6,25,000 బైట్లు. పదితో భాగించిన వాళ్లు ఆ అలవాటును దాచుకోండి, వచ్చే పాఠంలో పనికొస్తుంది. ఇక్కడ మాత్రం తప్పే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ 6,25,000 అనేది తీగలో బిట్లు పారే వేగం. మన ఫైలు అదే వేగంతో వస్తుందా? రాదు. ఎంత వస్తుందో తెలియాలంటే పళ్లెం (డిస్కులో డేటా ఉండే గుండ్రటి బిళ్ల) ఎన్ని చుట్లు తిరుగుతుందో, ఒక్కో చుట్టులో మన డేటా ఎంత ఉంటుందో చూడాలి.

ఫ్లాపీతో మొదలుపెడదాం, లెక్క చేతివేళ్ల మీద తేలిపోతుంది. 1.44 ఎంబీ ఫ్లాపీ నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 5. ఒక ట్రాక్‌లో (పళ్లెం మీది ఒక గుండ్రటి వరుసలో) 18 సెక్టార్లు (ముక్కలు), సెక్టారుకు 512 బైట్లు.

18 × 512 = 9,216 బైట్లు (ఒక చుట్టుకు)
9,216 × 5 = 46,080 బైట్లు (సెకనుకు)

కాగితం మీద ఫ్లాపీ వేగం 500 కిలోబిట్లు, అంటే 62,500 బైట్లు. మిగతా పదహారు వేలు ఏమయ్యాయి? సెక్టారుకీ సెక్టారుకీ మధ్య వదిలిన ఖాళీలు, ప్రతి సెక్టారు ముందు రాసుకున్న చిరునామా, తప్పులు పట్టే సంకేతాలు తినేశాయి. అవీ తల (డేటా చదివే భాగం) కింద నుంచే పోతాయి, టైమూ తీసుకుంటాయి, కానీ మన ఫైల్లోవి కావు. రెండువైపులా కలిపి ట్రాకులు 160, ఒక్కోదానికి 0.2 సెకను. అంటే ఫ్లాపీ మొత్తం చదవాలంటే తక్కువలో తక్కువ 32 సెకన్లు. తల ఒక ట్రాక్ నుంచి ఇంకోదానికి జరిగే సమయం దీనికి అదనం. ఆ గరగర శబ్దం విన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇదే పద్ధతిలో 1983 నాటి ఐబీఎం పీసీ-ఎక్స్‌టీ హార్డ్‌డిస్కు చూడండి. సెకనుకు 60 చుట్లు, ట్రాక్‌కి 17 సెక్టార్లు. 17 × 512 × 60 = 5,22,240. బాగానే ఉంది అనుకుంటాం. చిక్కంతా ఇక్కడే.

బంతి భోజనాల్లో సాంబారు బకెట్టుతో వచ్చినవాడు, మనం అన్నంలో గుంట చేసుకునేలోగా ముందుకు వెళ్లిపోతాడు. మళ్లీ బంతంతా తిరిగి వచ్చేదాకా ఆగాల్సిందే. ఎక్స్‌టీ కంట్రోలర్ (డిస్కును నడిపే సర్క్యూట్) పరిస్థితి అంతే. ఒక సెక్టారు చదివి మెమరీకి పంపేలోగా పక్క సెక్టారు దాటిపోతుంది. అందుకని వరుస సెక్టార్లను పక్కపక్కన కాకుండా ఆరేసి స్థానాల దూరంలో పెట్టారు. దీన్నే 6:1 ఇంటర్‌లీవ్ అంటారు. ట్రాక్ మొత్తం చదవడానికి ఆరు చుట్లు పడుతుంది కాబట్టి ఆరుతో భాగించాలి: 87,040 బైట్లు.

ఆ రోజుల్లో ఎక్స్‌టీలో వాడింది 360 కె ఫ్లాపీ. ట్రాక్‌కి 9 సెక్టార్లే కాబట్టి పైన లెక్కలో సగం, 23,040. కాగితం మీద ఫ్లాపీ కంటే హార్డ్‌డిస్కు 20 రెట్లు వేగం (31,250 ఎక్కడ, 6,25,000 ఎక్కడ!). పళ్లెం మీద చూస్తే నాలుగు రెట్లు కూడా లేదు. నాకు ఈ లెక్క మొదటిసారి తేలినప్పుడు రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఐడీఈ (డిస్కును కంప్యూటర్‌కి కలిపే తర్వాతి పద్ధతి) వచ్చాక కథ తిరగబడింది. కంట్రోలర్ డిస్కులోకే చేరింది, ఇంటర్‌లీవ్ గొడవ పోయింది. దాని తీగ మీద డేటా పంపే పద్ధతుల్లో పీఐఓ మోడ్ 4 అంటే సెకనుకు 16.6 మెగాబైట్లు, ఆ తర్వాత అల్ట్రా డీఎంఏ 33, 66, 100, 133. వీటికి భాగహారం అక్కర్లేదు, అంకెలన్నీ మెగాబైట్లలోనే. కానీ చెరువులో నీళ్లు తక్కువైతే తూము వెడల్పు ఎంతైనా ఒకటే. 2002 ప్రాంతపు డిస్కు పళ్లెం నుంచి వచ్చేది నలభై, యాభై మెగాబైట్లు, కాబట్టి 100కీ 133కీ తేడా మనకి తెలియదు.

తూమే ఇరుకైతే మాత్రం తెలుస్తుంది. ఒకసారి 80 జీబీ డిస్కు ఎంత కొలిచినా 30 దాటలేదు. డిస్కు పోయిందేమోనని టెన్షన్. చివరికి చూస్తే సొరుగులోంచి తీసి పెట్టిన కేబుల్ పాతది, 40 తీగలది. 33 దాటాలంటే 80 తీగల కేబుల్ ఉండాలి. పిన్నులు రెండింటికీ నలభయ్యే, అందుకే మోసపోతాం. కొత్తదానిలో ప్రతి డేటా తీగ పక్కనా ఒక గ్రౌండ్ తీగ ఉంటుంది, ఒకదాని సంకేతం ఇంకోదానిలోకి చొరబడకుండా. గుర్తుపట్టడం తేలికే: గీతలు సన్నగా, దగ్గరగా ఉంటాయి. నీలం కొన మదర్‌బోర్డుకి, నలుపు కొన డిస్కుకి.

ఇంటిపని: 52ఎక్స్ సీడీ డ్రైవ్‌ని పీఐఓ మోడ్ 4లో పెట్టాం. ఒక ఎక్స్ అంటే సెకనుకు 150 కిలోబైట్లు. ఇరుకు ఎక్కడ, డ్రైవ్‌లోనా తీగలోనా? రెండోది: 20 జీబీ డిస్కుని యూఎస్‌బీ 1.1 (12 మెగాబిట్లు) మీదుగా కాపీ చేయడానికి తక్కువలో తక్కువ ఎన్ని గంటలు? వచ్చే పాఠంలో సాటా (ఐడీఈ తర్వాత వచ్చిన డిస్కు కనెక్షన్). అక్కడ 1.5 గిగాబిట్లని 8తో భాగిస్తే 187.5 వస్తుంది, కానీ సాటా 150 అంటుంది. ఎందుకో ఈలోగా ఆలోచించి పెట్టుకోండి.