గుండెపోటు తర్వాత మనసు – 3వ పాఠం: మూడ్ కోసం ఆగకుండా పని మొదలుపెట్టడం

పోయిన పాఠంలో చెప్పింది చేశారా? పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మనసు ఎలా ఉందో సున్నా నుంచి పదిలోపు ఒక అంకె (ఎక్కువైతే మనసు బాగున్నట్టు) వేసుకోమన్నాను. వారమంతా రాయలేకపోయినా పర్లేదు, మూడు నాలుగు రోజులవి ఉన్నా చాలు, ఆ నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చదవండి.

కొత్తగా చేరినవాళ్లకి ఒక ముక్క. గుండెపోటు వచ్చినవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి పూర్తి స్థాయి డిప్రెషన్ వస్తుంది, అంతకంటే తక్కువ స్థాయి దిగులు ఇంకా చాలామందికి ఉంటుంది. అది వచ్చినవాళ్లు మాత్రలు సరిగ్గా వేసుకోరు, నడవరు, మానేసిన సిగరెట్ మళ్లీ పట్టుకుంటారు, అందుకే గుండె కోలుకోవడం కూడా వెనకపడుతుంది. 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వెలువరించిన ప్రకటన ఈ డిప్రెషన్‌ని గుండె రోగులకు ముప్పు తెచ్చే కారణాల్లో చేర్చాలని సిఫార్సు చేసింది. కాబట్టి "ప్రాణం దక్కింది కదా, ఇంకా ఏడుపు మొహం ఎందుకు" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. స్టెంట్ వేశాక వాడే మాత్రలు ఎంత అవసరమో మనసు బాగుచేసుకోవడమూ అంతే అవసరమైన వైద్యం.

ఇక అసలు పాఠం. డిప్రెషన్‌లో అందరం ఒకే మాట అంటాం: "కాస్త మనసు బాగుపడనీ, అప్పుడు చేస్తాను." వినడానికి సబబుగానే ఉంటుంది కానీ అది జరగదు, ఎందుకంటే పని చేయకుండా పడుకుంటే ఒళ్లు ఇంకా బరువెక్కుతుంది, బరువెక్కిన ఒళ్లు చూసి "నా గుండె పనైపోయింది" అనిపిస్తుంది, ఆ భయంతో ఇంకాస్త పడుకుంటాం, సాయంత్రానికి ఈ రోజు కూడా ఏమీ చేయలేదన్న బాధ తోడవుతుంది. ఈ చక్రాన్ని మనసు వైపు నుంచి ఆపడం చాలా కష్టం, పని వైపు నుంచి ఆపడం కొంచెం తేలిక. పని ముందు, మూడ్ తర్వాత. 1970లలో పీటర్ లూయిన్‌సన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఈ దారిలోనే పనిచేశాడు. ఈ రోజు దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు, డిప్రెషన్‌కి బాగా పనిచేసే పద్ధతుల్లో ఇదొకటి. నేర్చుకోవడానికి డిగ్రీలు అక్కర్లేదు కాబట్టే ఇక్కడ పెట్టాను.

మా పెదనాన్న సంగతి చెప్తాను. అనంతపురంలో టీచరుగా రిటైరయ్యారు, స్టెంట్ వేశాక బెంగళూరు మారతహళ్లిలో అన్నయ్య ఫ్లాట్‌కి వచ్చారు. అక్కడైతే అరుగు మీద కూర్చుంటే చాలు, వచ్చేపోయేవాళ్లు పది మంది పలకరిస్తారు. ఇక్కడ అన్నయ్యా వదినా పొద్దున్నే రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడతారు, తలుపు వేసుకుంటే రాత్రి దాకా ఎవరూ తట్టరు, పెద్దమ్మేమో "మీరు లేవకండి" అంటూ మంచినీళ్లు కూడా చేతికే తెచ్చిస్తుంది. అందరిదీ ప్రేమే. కానీ ఆయన చేతిలో ఒక్క పని కూడా మిగల్లేదు.

పిల్లలు మొదట ఏం చేశారంటే, ఆదివారం లాల్‌బాగ్ తీసుకెళ్లారు, పూల ప్రదర్శన చూస్తే నాన్న ఉత్సాహంగా ఉంటారని. అది 240 ఎకరాల తోట, జనవరి ప్రదర్శనకి ఇసకేస్తే రాలనంత జనం. పోను రాను ప్రయాణమే ఒంట్లో ఉన్న కాస్త ఓపికనీ తినేసింది, ఆయన రెండు రోజులు మంచం దిగలేదు. పెద్ద పెద్ద ప్రోగ్రాములు పెట్టొద్దు. నెలకోసారి విహారయాత్ర కన్నా రోజూ కారిడార్‌లో పది నిమిషాల నడక ఎన్నో రెట్లు నయం, ఇది నేను గట్టిగా నమ్మే మాట.

తర్వాత కుదిరింది చాలా చిన్న పని. అనపకాయల (సొరకాయ కాదు, గింజలు ఒలిచే చిక్కుడు రకం) రోజులవి, ఆ చలికాలంలో బెంగళూరులో ఏ వీధిలో చూసినా బండ్ల మీద గుట్టలు గుట్టలుగా పోసి అమ్ముతారు కదా. వదిన ఒక కిలో తెచ్చి, "మామయ్యా, నాకు టైం లేదు, రేపు పదకొండింటికి ఇవి ఒలిచిపెడతారా" అని అడిగింది. ఒలవడం ఒక రోజు, రాత్రి నానబెట్టి పితకడం మరునాడు. బొటనవేలుతో గింజని నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి జారుతుంది, అదొక్కటే పని, కూర్చునే చేయొచ్చు, బరువు ఎత్తక్కర్లేదు. ఆయన నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీ ఇలా ఉంది: "11 గంటలు. అనపకాయలు. ముందు 2. తర్వాత 2." మరునాడు: "పితకడం. ముందు 2. తర్వాత 4. కూరలో ఉప్పు చాలలేదు." ఉప్పు తగ్గించమన్నది డాక్టరే అనుకోండి, కానీ కూర గురించి ఫిర్యాదు చేయడమే మాకు శుభవార్త, ఎందుకంటే అప్పటిదాకా ఏం పెట్టినా మాట్లాడకుండా తిని లేచేవారు.

ఆ మొదటి రోజు అంకె మళ్లీ చూడండి: ముందు 2, తర్వాత 2. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, "చేశాను, ఏమీ మారలేదు" అని. పని చేసిన వెంటనే సంతోషం రావాలని లేదు. మనం చూసేది వారం పొడుగునా ఏ పని దగ్గర అంకె కదులుతుందో.

ఇప్పుడు మీ వంతు. కొత్త పేజీలో రోజుకి రెండు పనులు రాయండి, అంతకు మించొద్దు. ఒకటి ఒంటికి, ఒకటి చేతికో మనిషికో. ఒంటికి అంటే నడక: డాక్టరు ఎంత చెప్పారో అంతే, ఏమీ చెప్పకపోతే అడిగి తెలుసుకుని మొదలుపెట్టండి. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్టే. చేతికి అంటే ఇంటికి నిజంగా పనికొచ్చేది ఏదైనా, కూరగాయలు తరగడం, బట్టలు మడతపెట్టడం, కుండీలకి నీళ్లు. మనిషికి అంటే ఒక ఫోన్, లేదా కింద పార్కులో కూర్చునే పెద్దవాళ్ల దగ్గర కాసేపు. బెంగళూరులో కాస్త పెద్ద అపార్ట్‌మెంట్ ఏదైనా సరే సాయంత్రం బెంచీల దగ్గర మీ నెల్లూరు వాళ్లో మీ కర్నూలు వాళ్లో దొరక్కుండా పోరు.

పని పక్కన టైం తప్పకుండా రాయండి. "ఓపిక ఉంటే" అని రాస్తే ఆ పని జరగదు, "పదకొండింటికి" అని రాస్తే సగం రోజులైనా జరుగుతుంది. ఇక పని సైజు ఎంత ఉండాలంటే, మీకు అన్నిటికంటే చెడ్డ రోజున కూడా చేయగలిగినంత. అరగంట నడక అనిపించిందా, పది నిమిషాలు రాయండి. పది కూడా బరువనిపిస్తే చెప్పులేసుకుని లిఫ్ట్ దాకా వెళ్లి రండి, అది కూడా లెక్కే.

ఇంట్లోవాళ్లకి ఒక మాట, ఈ పాఠం వాళ్లకి చదివి వినిపించండి. గుండెపోటు వచ్చిన మనిషి చేసే పని మీరు లాక్కోకండి, నెమ్మదిగా చేసినా సరే. "ఎలా ఉంది" అని గంటకోసారి అడక్కండి, దాని బదులు "ఈ పని చేసిపెట్టవా" అని రోజుకొక్కసారి అడగండి.

మందుల సంగతి కలిపి చెప్పాలి. గుండెకి ఇచ్చే కొన్ని మాత్రలతో, ముఖ్యంగా బీటా బ్లాకర్లతో, నీరసంగా ఉండొచ్చు, థైరాయిడ్, బి12, రక్తహీనత కూడా డిప్రెషన్ లాగే కనిపిస్తాయి, కాబట్టి ఈసారి చెకప్‌లో ఆ విషయం అడగండి. అంతేగానీ నీరసంగా ఉందని ఏ మాత్రా మీ అంతట మీరు ఆపొద్దు, ముఖ్యంగా స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చినవి. రెండు వారాలకి పైగా దేని మీదా ఆసక్తి లేకపోయినా, రోజూ దిగులుగా ఉన్నా అది డాక్టరుకి చెప్పాల్సిన లక్షణమే. గుండె రోగులకు ఇవ్వగలిగే డిప్రెషన్ మందులు ఉన్నాయి, సెర్ట్రలిన్‌ని గుండెపోటు వచ్చినవాళ్లలోనే పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించారు. మీరు రక్తం పల్చబడే మందులు వాడుతున్నట్టు సైకియాట్రిస్టుకి, డిప్రెషన్ మందు వాడుతున్నట్టు గుండె డాక్టరుకి చెప్పాలి, రెండూ కలిస్తే రక్తస్రావం అవకాశం కొంత పెరుగుతుంది. బెంగళూరులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థ ఉంది. అంత దూరం వెళ్లలేనివాళ్లు 14416కి ఫోన్ చేయొచ్చు, అది 2022లో మొదలైన టెలి మానస్, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. బతకడం ఎందుకు అనే ఆలోచన వస్తోందా, పాఠం ఇక్కడే ఆపి ఆ నంబరుకి చేయండి, ఇంట్లో ఒకరికి ఇప్పుడే చెప్పండి, రాత్రికి ఒంటరిగా ఉండొద్దు. నడుస్తుండగా ఛాతీలో నొప్పి, చెమటలు, ఊపిరాడకపోవడం వస్తే అది టెన్షనేమో అని తేల్చుకుంటూ కూర్చోకండి, 108.

ఈ వారం పని: ఏడు రోజులు, రోజుకి రెండు పనులు, ప్రతి పనికి ముందో అంకె, తర్వాతో అంకె. తప్పిపోయిన రోజు దగ్గర గీత కొట్టి ముందుకెళ్లండి, మరునాడు రెట్టింపు చేయొద్దు. ఏడో రోజు రాత్రి పేజీలన్నీ చూసి, ఏ పని దగ్గర అంకె ఒక్కటైనా పెరిగిందో దాని చుట్టూ సున్నా చుట్టండి, వచ్చే వారం పట్టీలో దాన్ని ఉంచి రెండోది మార్చండి. నాలుగో పాఠం అర్ధరాత్రి మెలకువ వచ్చి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చునే భయం గురించి, దానికి ఈ వారం రాత్రి అంకెలు కావాలి కాబట్టి అవి మాత్రం మానొద్దు.