వరంగల్‌లో అన్ని ఆదాయాల వారికీ ఒకే గృహ సముదాయం: ప్రణాళిక ఎలా?

వరంగల్‌లో అన్ని ఆదాయాల వారూ కలిసి నివసించే సముదాయాన్ని తలపెట్టేవారు నక్షా గీయించే ముందు నీటి దారిని చూడాలి. 2020 ఆగస్టులో నగరంలోని లోతట్టు కాలనీలు మునిగాయి కనుక, చెరువు శిఖం (చెరువు గర్భంలోని భూమి), ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే అంచు), నాలా బఫర్ (కాలువ పక్కన కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా)లను రికార్డులతో సరిపోల్చుకొని, వానాకాలంలో స్థలాన్ని స్వయంగా చూసి, నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో పాత నివాసులను అడగాలి. గోడ మీది మరక చాలా నివేదికలకన్నా నమ్మదగినది.

చిన్న ఇళ్లను వెనుక మూలకు నెట్టకుండా, ప్రతి బ్లాకులోనూ పెద్ద ఇళ్లతో కలిపి, అందరికీ ఒకే ద్వారం ఉంచాలి. నిర్వహణ రుసుమును చదరపు అడుగుల లెక్కన నిర్ణయిస్తే చిన్న ఇంటివారికి భారం తగ్గుతుంది; సాధారణంగా తగాదా లిఫ్టు ఖర్చు దగ్గరే మొదలవుతుంది.

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఇళ్లు 8కి మించినా, అమ్మకానికి ముందే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) వద్ద నమోదు చేయించి, కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచాలి.